ఒకే కవరులో రెండు కాగితాలు: మాదన్నపేట నుంచి సిస్టర్ల కాలేజీకి

మాదన్నపేట నుంచి నది అవతలి సిస్టర్ల కాలేజీకి ఎలా వెళ్లాలని మా చెల్లెలి మనవరాలు మొన్న అడిగింది. డెబ్బైల్లో ఒకే ఒక్కసారి వెళ్లాను కానీ ప్రతి మలుపూ గుర్తుంది. బీఏ సీటు కోసం మా నాన్న, బాపు, నన్ను తీసుకెళ్లాడు. ఆ కాలేజీని నడిపేది కతోలిక కన్యాస్త్రీలు. నేను చదివిన బడి కూడా వాళ్లదే, ఇంగ్లీషులో నోరు తెరవడం నేర్పిందీ వాళ్లే. ఆ గేటు లోపల నాకు చోటుంటుందని గుడ్డిగా నమ్మాను.

పొద్దున ఏడింటికి బయలుదేరేసరికి మార్కెట్లో కూరగాయల మూటలు దించుతున్నారు. బస్సు డిపోలో రేకు పని చేసే బాపు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తొడుక్కుని, చంకలో కవరు పెట్టుకున్నాడు. మలక్‌పేట దాకా రిక్షాకు అర్ధరూపాయి ఇచ్చాం.

"కాలేజీకా భాయ్? బిటియా పాస్ అయిందా? మస్తు ఖుషీ!" అన్నాడు రిక్షా అతను.

"సీటు దొరకాలె గద," అన్నాడు బాపు.

"ఫికర్ మత్ కరో. కాగజ్ పక్కా ఉంటే అన్ని అయితయి."

"అన్ని పెట్టిన," అని బాపు కవరు తట్టి చూపించాడు. మలక్‌పేటలో బస్సెక్కి, చాదర్‌ఘాట్ వంతెన దాటి, కోఠీలో ఇంకో బస్సు మారి, తొమ్మిదింపావుకు కాలేజీ గేటు ముందు దిగాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా బస్తీలో ప్రతి ఇంట్లో రెండు కాగితాలుండేవి. ఫాదర్ రాసిచ్చిన బాప్తిస్మ పత్రం చూపిస్తే సిస్టర్ల దగ్గర కతోలిక పిల్లలకు ఉంచిన సీటు దొరికేది. 'హిందూ మాల' అని రాసిన కులపత్రం చూపిస్తే సర్కారు స్కాలర్‌షిప్ వచ్చేది. క్రైస్తవులమంటే ఎస్సీలం కాకుండా పోతాం, చట్టం అంతే. అందుకని మావాళ్లు ఆ రెంటినీ ఎప్పుడూ ఒకచోట కలవనిచ్చేవారు కాదు. బాపుది మాత్రం డిపో అలవాటు. అక్కడ ఎన్ని కాగితాలు జతచేస్తే ఫైలు అంత తొందరగా కదులుతుంది. రెంటినీ కలిపి గుండుసూది గుచ్చాడు.

ప్రిన్సిపాల్ మలయాళీ సిస్టర్. కూర్చోమన్నా బాపు కూర్చోలేదు. ఆమె సూది తీసి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టింది.

"వీటిలో ఏది నిజం?"

"రెండూ నిజమే సిస్టర్. చర్చిల మేం కతోలికులం. బయట మమ్ముల సూసేది మాలోళ్ల లెక్కనే."

"మేము ఇక్కడ కులం చూడము," అంది ఆమె నెమ్మదిగా. "కానీ అబద్ధం మీద సీటు ఇవ్వలేను."

"అబద్ధం ఏడుంది సిస్టర్?"

ఆమె రెంటినీ కవరులో పెట్టి తిరిగిచ్చి, దేవుడు మిమ్మల్ని దీవించాలి అంది. ఆ దీవెనకే నాకు ఒళ్లు మండింది.

వరండాలో కాలేజీ ప్యూను, మా బస్తీ మనిషే, సంగతి విని తల పట్టుకున్నాడు. "రెండూ గుచ్చిచ్చినవా? ఏందన్నా గిట్ల జేస్తివి! నా బిడ్డ ఈడనే సదువుతుంది. నేను ఒక్కటే సూపెట్టిన."

"రెండుంటయని సిస్టర్‌కు ఎర్కలేదా?" అని అడిగాను.

"మస్తు ఎర్క బిడ్డా. ఎదురుంగ తెచ్చి పెడితే ఏం జేస్తది మరి?"

తిరుగుదారిలో కోఠీలో దిగి ఉస్మాన్‌గంజ్ దాకా నడిచాం. అక్కడ హోటల్లో బాపు చాయ్ చెప్పాడు, తాగలేదు. "తప్పు నాదే బిడ్డా," అన్నాడు. కాదని అనలేదు నేను. ఆ రోజు నా కోపమంతా సిస్టర్ మీద కాదు, ఆయన మీదే. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సిస్టర్లు ఎందరినో చదివించారు. మా గల్లీలో టీచర్లయినవాళ్లూ నర్సులయినవాళ్లూ వాళ్ల చలవే, కాదనను. నేను కులపత్రంతో సర్కారు కాలేజీలో చదివి గుమాస్తానయ్యాను. బాపు మాత్రం పోయేదాకా ప్రతి ఆదివారం చర్చిలో పూజకు వెళ్లాడు, కానీ ఫాదర్ నోటికందించే సత్ప్రసాదం తీసుకోవడానికి మళ్లీ ఎప్పుడూ వరుసలో నిలబడలేదు. అబద్ధమాడినవాడు తీసుకోకూడదట.

వెళ్లేవాళ్లు పొద్దున్నే బయలుదేరండి, కోఠీ దగ్గర రద్దీ ఎక్కువ. కవర్లు రెండు పట్టుకెళ్లండి. ఏ గదిలో ఏది తీయాలో దారిలోనే తేల్చుకోండి. మా బాపులాగా ఉన్న నిజమంతా ఒకే కవరులో పెట్టి ఇవ్వకండి.