ఉప్పు బంద్ పెట్టి ఉరికిన రన్ను

తొమ్మిదో తరగతిలోనే బడి నన్ను వదిలించుకున్నది. మా ఇంటి పక్కనున్న యూనివర్సిటీ గ్రౌండ్‌లో నేను అడుగుపెట్టేది క్రికెట్ ఆడనీకే.

పోయిన ఎండాకాలం గాడ మా తార్నాక టీంకు అంబర్‌పేట్‌తో మ్యాచ్. పొట్ట తగ్గాలని వారం నుంచి ఉప్పు బంద్ పెట్టి, బాటిళ్లకు బాటిళ్లు నీళ్లే తాగుతున్న. గెలవాలంటే ఆఖరి బాల్‌కు రెండు రన్నులు కావాలె. కొట్టి ఉరికిన. సగం దూరంలోనే పిక్కలు పట్టేసి, కళ్లు తిరిగి పడ్డ. దోస్తులు పేరు అడిగితే స్కోరు చెప్పిన్నంట.

దవాఖానలో సెలైన్ ఎక్కినంక తెలివొచ్చింది. "ఒంట్ల ఉప్పు చెమటల పోయింది, మిగిలింది నీళ్లతోని పలచబడ్డది. ఇంకొంచెమైతే ఫిట్స్ వచ్చేటివి" అన్నది డాక్టరమ్మ.

"మ్యాచ్ గెలిచినమా?" అని అడిగిన.

"ఓడిన్రు" అన్నది నా భార్య. "ఈసారి బంద్ పెడితే ఉప్పు కాదు, నీ క్రికెట్ ముచ్చట్లు బంద్ పెట్టు. అవి లేకున్నా ప్రాణమేం పోదు."