తెర మీద రోడ్డు

గుండె వార్డులో చేరిన దగ్గర్నుంచీ డ్రైవరుకి కంటి మీద కునుకు లేదు. అసలు ఆ వార్డులో నిద్ర పట్టినవాడే మొనగాడు. పడుకోమనేదీ వాళ్ళే, లేపేదీ వాళ్ళే. ఒకరొచ్చి చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు, ఇంకొకరొచ్చి సూది గుచ్చుతారు, హమ్మయ్య వెళ్ళారు అని కళ్ళు మూస్తే తుడిచే మనిషి మంచం కింద బకెట్టు ఈడుస్తుంది. ఎవరి పని వాళ్ళది, ఎవర్నని తిడతాం.

కానీ డ్రైవరు సంగతి వేరు. చడీచప్పుడూ లేనప్పుడు కూడా గుడ్లప్పగించి మంచం పక్కనున్న మానిటరు తెరనే చూస్తూ ఉండేవాడు. నర్సులు ఆయనకి రెప్పవేయని తాత అని పేరు పెట్టారు. డాక్టరు మాత్రం నవ్వలేదు. నిద్రలేక బీపీ దిగడం లేదని, అది దిగితేగానీ ఆపరేషను చెయ్యలేనని, ఆలస్యమైతే గుండె తట్టుకోదని భార్యకి ముఖం మీదే చెప్పేశాడు. నర్సు నిద్రమాత్ర ఇస్తే ఈ మహానుభావుడు బుగ్గన దాచి, ఆమె అటు తిరగ్గానే ఉమ్మేశాడు.

ఆ మాత్ర దుప్పటి మడతలో భార్యకి దొరికింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఏం మనిషివయ్యా, బతకాలని లేదా అని నిలదీసింది. ఆయన తెర మీద పాకుతున్న ఆకుపచ్చ గీత వైపు వేలు చూపించాడు.

"దాని మీంచి చూపు తిప్పితే ఎటు పోతుందో ఏమో," అన్నాడు నీరసంగా.

పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? బతుకంతా రాత్రి బస్సులు తోలినవాడు. కునుకు తీస్తే బస్సెడు జనం పోతారని, వచ్చే నిద్రని చెంపలు వాయించుకుని తరిమేసినవాడు. రెండో డ్రైవరు స్టీరింగు అందుకుని, "బండి నాది, నువ్వు పడుకో" అంటేనే వెనక సీట్లో నడుం వాల్చేవాడు. ఆ మాట చెవిన పడందే ఒరిగేది లేదు. ఇక్కడ ఆ మాట అనేవాడేడీ?

భార్యకి ఆ మాట తెలుసు. ఆయన ఎన్నోసార్లు చెప్పిందే. కుర్చీ లాక్కుని తెర ఎదురుగా కూర్చుంది.

"బండి నాది. నువ్వు పడుకో."

"తోలడం నీకేం తెలుసే?"

"నువ్వు రోడ్డు మీదున్న ప్రతి రాత్రీ నేను ఇంట్లో మేలుకునే ఉన్నానయ్యా. నీ బండిని ఇంటికి చేర్చింది ఎవరనుకున్నావు?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ ముక్క ఆమె ఎప్పుడూ అనలేదు, ఈయనా అడిగిన పాపాన పోలేదు. సిగ్గేసి కళ్ళు మూసుకున్నాడు.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నపు ఎండ కాళ్ళ మీద పడుతోంది. కుర్చీలో భార్య మెడ వాల్చేసి, నోరు తెరుచుకుని ఒళ్ళెరగని నిద్రలో ఉంది. కంగారుగా తెర వైపు చూశాడు. గీత దాని దారిన అది పోతూనే ఉంది.

ఇంతలో నర్సు వచ్చి బీపీ చూసింది. దిగింది, డాక్టరుకి చెప్పొస్తానని సంబరపడుతూ, ఆ కబురు చెప్పడానికి భార్యని లేపబోయింది. డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎన్నేళ్ళ నిద్రో అది. ఉండనీ తల్లీ."

తెరకి వీపు పెట్టి, భార్య వైపు ఒత్తిగిలి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.