అమ్మ గిన్నెల కింద గాజు స్టాండ్లు

మా అమ్మ చేసే గిన్నెలు నిలబడవు. ముందు ఈ సంగతి చెప్పి తీరాలి, నా తలనొప్పులన్నీ అక్కడే మొదలయ్యాయి కాబట్టి.

బడి పిల్లల పాత పరీక్ష కాగితాలు నీళ్ళలో నానబెట్టి, మెంతులు రుబ్బి కలిపి, ఆ గుజ్జును బోర్లించిన ఇత్తడి చెంబు అడుగు మీద అద్ది ఎండకు పెడుతుంది. ఎండాక మెల్లగా ఊడదీస్తే గిన్నె. సిరా వల్ల లేత నీలంగా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మెంతుల వాసన వస్తుంది. చూడటానికి భలే ఉంటుంది. కానీ చెంబు అడుగు గుండ్రం, అందుకని గిన్నె అడుగూ గుండ్రమే. కింద పెడితే అటూ ఇటూ ఊగి ఓ పక్కకు పడుకుంటుంది.

"గింజలు పోస్తే అదే నిలబడతది" అంటుంది అమ్మ. షోకేసులో పెట్టే గిన్నెలో గింజలెవరు పోస్తారు?

అమ్మ మిర్యాలగూడలో ఉంటుంది, సర్కారు బడిలో టీచరు. నేను, మా ఆయన సూర్యాపేటలో అద్దాల దుకాణం నడుపుతాం. కిటికీ అద్దాలు, ఫోటో ఫ్రేములు, బీరువా అద్దాలు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ ఎండాకాలం సెలవులకు మా ఇంటికే వస్తుంది. వచ్చేటప్పుడు చెంబు, ఓ సంచి కాగితాలు తెచ్చుకుంటుంది. మొన్నటిసారి వాటితో పాటు ఓ రేకు డబ్బా కూడా తెచ్చింది. మూత తీసి చూస్తే గాజులు. పచ్చవి, ఎర్రవి, నీలివి. నాన్న తెచ్చినవి కొన్ని, జాతర్లలో కొన్నవి కొన్ని, పెళ్ళిళ్ళలో పెట్టినవి కొన్ని.

"ఎవలకన్న ఇచ్చెయ్ బిడ్డా" అంది.

నాకు ఒళ్ళు మండింది. నాన్న దినాల నాడు మేనత్తలు అమ్మ చేతి గాజులు తీయిస్తుంటే నేను అడ్డం పడ్డాను. ఇదేం పద్ధతని అరిచాను. అమ్మే నన్ను పక్కకు జరిపి, "నలుగురిల లొల్లి పెట్టకు" అని చేతులు ముందుకు చాపింది. సరే, ఆ రోజు గడవనీ అనుకున్నాను. తర్వాతైనా వేసుకుంటుందేమోనని చూశాను. పండక్కి అడిగాను, పెళ్ళికి పోయేటప్పుడు అడిగాను, ఊరికే కూర్చున్నప్పుడు కూడా అడిగాను. ఎప్పుడడిగినా ఒకటే మాట.

"నన్నెవలు ఏమంటరు బిడ్డా, బడిల కూడ ఎవలు అనరు. నాకే చెయ్యొస్తలేదు."

చెయ్యి రాకపోవడమేమిటి? ఆ బోసి చేతులతో నా ముందు కూర్చుని మెంతులు రుబ్బుతుంటే నేను చూడలేకపోయేదాన్ని. అమ్మ చేతికి గాజులు తొడిగించాలన్నది నా పంతం. అది సాగలేదు. కనీసం ఆమె చేసిన గిన్నెల కిందికైనా ఆ గాజులు చేరాలనుకున్నాను. డబ్బా ఎవరికీ ఇవ్వలేదు, నేనే దాచుకున్నాను.

దానికి దారి కోదాడలో దొరికింది. హైవే మీద ఓ హోటలుంది. టిఫిన్లకు ఆగిన కార్లవాళ్ళు కొనుక్కోవడానికి పక్కనే ఓ గదిలో బొమ్మలూ బుట్టలూ పెడతారు. ఆ హోటలామె అమ్మ గిన్నెల్ని తిప్పి తిప్పి చూసింది.

"బాగున్నాయండీ, చాలా బాగున్నాయి. కానీ అరలో పెడితే దొర్లిపోతున్నాయి కదండీ. కింద ఏదన్నా స్టాండు చేసుకురండి, ఓ అర మొత్తం మీకే ఇచ్చేస్తాను."

అమ్మ మొహం వెలిగింది. నాన్న పోయాక అలా వెలగడం నేను చూడలేదు. బస్సులో సూర్యాపేట వచ్చేదాకా ఆ అర గురించే మాట్లాడింది. పెద్ద గిన్నె మధ్యలో, చిన్నవి పక్కలకి. నేను గాజు స్టాండ్లు చేస్తానని మాటిచ్చేశాను.

మా దుకాణం, ఇల్లు ఒక్కచోటే. వెనక రేకుల కింద కరెంటు కొలిమి ఒకటుంది. హైదరాబాదులో ఎవరో అమ్మేస్తుంటే తెచ్చుకున్నాను. గాజు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి అందులో పెట్టి వేడి చేస్తే, అంచులు మెత్తబడి అతుక్కుని ఒకటైపోతాయి. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. దుకాణంలో కోసిపారేసిన అద్దం ముక్కలకు కొదవ లేదు. చదరంగా ఓ పలక, దాని మీద నాలుగు పక్కలా నాలుగు పట్టీలు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో గిన్నె అడుగు కూర్చుంటుంది. నాలుగు మూలలా అమ్మ చేతి గాజుల ముక్కలు. కాగితం మీద గీసుకుంటే ఎంత ముచ్చటగా ఉందో!

మొదటిది కొలిమిలోంచి తీసినప్పుడు ఎర్ర గాజులు కాలి గోధుమ రంగుకు తిరిగాయి. గాజుల మీది బంగారు పూత నల్లగా మాడింది. పోనీలే, పచ్చవి బాగానే ఉన్నాయనుకున్నాను. అమ్మకు చూపించాను. బల్ల మీద పెట్టి, అన్నం తిని వచ్చేసరికి టిక్‌మని చప్పుడు. చూస్తే పలక అడ్డంగా రెండు ముక్కలు.

వేడి తొందరగా చల్లారిందేమోనని రెండోదాన్ని ఇంకా మెల్లగా చల్లార్చాను. టిక్. అద్దం మురికిగా ఉందేమోనని మూడోదాన్ని సబ్బుతో కడిగి, తుడిచి, వేళ్ళు తగలకుండా పేర్చాను. టిక్. ఒకసారి మధ్యలో కరెంటు పోయింది, దాన్ని లెక్కలోకి తీసుకోను. మే నెల ఎండ, పైన రేకులు, పక్కన కొలిమి. చెమటకు కళ్ళజోడు ముక్కు మీద నిలవదు. మా ఆయన తొంగిచూసి, "దుకాణంల గిరాకీ ఉన్నది, జర అటు రారాదు" అంటే, నేనన్న మాటలు ఇక్కడ రాయను.

ఎలాగో రెండు స్టాండ్లు పగలకుండా మిగిలాయి. వారం ఆగి చూశాను. ఏం కాలేదు. గుడ్డలో చుట్టుకుని కోదాడ తీసుకుపోయాం. హోటలామె ముచ్చటపడి, ఓ స్టాండు అరలో పెట్టి, దాని మీద అమ్మ గిన్నె పెట్టింది. గిన్నె కుదురుగా కూర్చుంది. అమ్మ ఓ అడుగు వెనక్కి వేసి చూసుకుంది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, టిక్.

కాగితం గిన్నెకు బరువెంతని! దూదిపింజంత లేదు. అయినా పలక విచ్చుకుంది, గిన్నె దొర్లి కిందపడింది. కాగితం కాబట్టి బతికింది. రెండో స్టాండును నేను గుడ్డలోంచి బయటికే తీయలేదు.

"పర్లేదండీ, పర్లేదు. చెయ్యి తెగుద్ది, ముట్టుకోకండి" అంటూ ఆమె చీపురు తెచ్చింది. "ఇంకోటి చేసుకురండి, తొందరేం లేదు. అర అయితే ఎక్కువ రోజులు ఖాళీగా ఉంచలేనండీ, మరోలా అనుకోకండి."

బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువగా కోపమొచ్చింది. గాజు మీద, కొలిమి మీద, వీడియోలు చేసేవాళ్ళ మీద, చేతులు చాపిన అమ్మ మీద, అందరి మీదా.

ఇంటికొచ్చి పగిలిన ముక్కలన్నీ బల్ల మీద పరిచాను. అప్పుడు గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ప్రతి పగులూ చేతి గాజు ముక్క అంచు నుంచే బయల్దేరింది. కిటికీ అద్దం వేరు, చేతి గాజు వేరు. కొలిమిలో రెండూ కలిసిపోతాయి, చూడటానికి ఒకటైనట్టే ఉంటాయి. చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఒకటి తక్కువ. లోపల గుంజులాట మొదలవుతుంది. ఆ పూటకు కాకపోతే వారానికి, వారానికి కాకపోతే ఎవరో దాని మీద గిన్నె పెట్టినప్పుడు, పగలక తప్పదు.

గాజులు లేకుండా ఉత్త అద్దంతో చేశాను. పగల్లేదు. అమ్మ తిప్పి చూసి, "ఫ్రిజ్జుల అర లెక్కున్నది" అంది. నిజమే, అచ్చం అలాగే ఉంది.

పోనీ అద్దం లేకుండా ఉత్త గాజులతోనే చేద్దామనుకున్నాను. ముక్కలు కూడా చేయొద్దు, నిండు గాజులే. మూడు గాజులు ఒకదానికొకటి తగిలేలా కింద, ఒకటి వాటి మధ్యలో పైన. తగిలినచోట అతుక్కుంటే చాలు, పై గాజులో గిన్నె కూర్చుంటుంది. డబ్బాలోంచి తీసి చేశాను. అదీ పగిలింది. ఎందుకు పగలదు? ఒక గాజు జాతరది, ఒకటి పెళ్ళిది, ఒకటి ఎక్కడిదో. అన్నీ గాజులే గాని, ఏ రెండూ ఒక్క బట్టీలో పుట్టినవి కావు. డబ్బా సగమైంది. నేను పగిలినవాటిని చెత్తబుట్టలో కొడుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇంకెన్ని పలగ్గొడ్తవ్ బిడ్డా?"

"నువ్వు చేతికేసుకుంటే ఇన్ని పగిలేవా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ పోయి గుజ్జు కలుపుకుంది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఒకే దుకాణంలో, ఒకే కట్టలోంచి, ఒక్క తీరు గాజులు కొత్తవి కొనాలి. పూత లేనివి, తళుకుల్లేనివి. సూర్యాపేటలో నాలుగు దుకాణాలు తిరిగితే అందరూ మెరిసేవే ముందు పెట్టారు. మామూలు పచ్చ గాజులు మిర్యాలగూడలో తను ఇదివరకు కొనే దుకాణంలో ఉంటాయని అమ్మే చెప్పింది. ఇంట్లో ఉన్న కాగితాలు కూడా తెచ్చుకోవాలంది. ఏ గిన్నెకు ఏ సైజు గాజు కావాలో తనకే తెలుసు కాబట్టి ఓ గిన్నె సంచిలో పెట్టుకుని నాతో వచ్చింది.

ఆ దుకాణంలో పాత ఆమె లేదు, ఆమె కోడలు కూర్చుంది. లోపల పెళ్ళివాళ్ళు ఉన్నారు, చేతులన్నీ ఆమె ముందే ఉన్నాయి. సందు దొరకబుచ్చుకుని అమ్మ అడిగింది.

"ఉత్త పచ్చవి, పూత లేనివి ఉన్నయా అమ్మా? రెండు డజన్లు కావాలె."

"ఉన్నయమ్మా, గిటు రాండ్రి."

అమ్మ సంచిలోంచి గిన్నె తీయబోయింది. అప్పటికే ఆ పిల్ల, మొహమైనా చూడకుండా, అమ్మ కుడిచెయ్యి పట్టుకుంది. బొటనవేలు లోపలికి మడిచి, కణుపుల మీద నొక్కి చూసి, "రెండు ఆరు" అని సైజు తనలో తనే అనుకుని, కట్ట విప్పి ఎక్కించడం మొదలుపెట్టింది. రోజుకు ఎన్ని చేతులు చూస్తుందో! నేను నోరు తెరిచేలోగా మొదటిది కణుపులు దాటింది. రెండోది. మూడోది. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. తన చెయ్యి కానట్టు, వేరెవరి చేతినో చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయింది.

ఆరోది ఎక్కించి ఎడమచెయ్యి అందుకోబోతూ ఆ పిల్ల తలెత్తింది. అమ్మ నుదురు చూసింది, మెడ చూసింది. చేతులు ఆగిపోయాయి.

"అయ్యో, తెల్వక ఏసిన పెద్దమ్మా. ఏమనుకోకుండ్రి. తీస్త." తీయబోతే రావడం లేదు. గాజులు బిగుతుగా ఎక్కాయి. "సబ్బు పెడ్త. రాకపోతె... రాకపోతె పలగ్గొట్టాలె."

పెళ్ళివాళ్ళు మాటలాపి చూస్తున్నారు. అమ్మ తన చెయ్యి తన వైపుకు తీసుకుంది.

"మా ఇంట్ల శానా పలిగినయ్ బిడ్డా, సాలు. ఉండనీ" అని ఎడమచెయ్యి కూడా ముందుకు చాపింది.

నేను అన్నేళ్ళు మొత్తుకున్నాను, బతిమాలాను, పోట్లాడాను, ఓ డబ్బా గాజులు నాశనం చేశాను. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల వచ్చిన గిరాకీ అనుకుని చిటికెలో తొడిగేసింది. సంతోషించాలో, నా తల గోడకేసి కొట్టుకోవాలో అర్థం కాలేదు.

"మరి గిన్నెలకో?" అన్నాను.

"గిన్నెలకు ఇంకో రెండు డజన్లు తీస్కుందాం. గా కట్టలయే" అంది అమ్మ.

మర్నాడు ఆ గాజులతో స్టాండు చేసి కొలిమిలో పెట్టాను. చల్లారాక తీసి బల్ల మీద పెట్టి, మీద గిన్నె పెట్టి, స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. నమ్మకం లేదు నాకు. ఎప్పుడు పగులుతుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాను. దుకాణంలో మా ఆయన పిలిచాడు, లేవలేదు. ఎంతకీ ఏం కాలేదు. మంచినీళ్ళు తాగుదామని వీధి గుమ్మం పక్కనున్న కుండ దగ్గరికి పోయానో లేదో, వెనక టిక్, టిక్‌మని వినిపించింది.

"ఖతం! మళ్ళ పాయె!" అని ఒక్క ఉరుకున వచ్చాను.

స్టాండు అలాగే ఉంది. గిన్నె దాని మీద నిలబడి ఉంది. చప్పుడు మళ్ళీ వచ్చింది, వంటింట్లోంచి. అమ్మ పచ్చ గాజుల చేతులతో మెంతులు రుబ్బుతోంది.