తప్పు మోకాలిది కాదు

నా మోకాలి గురించి రాజాంలో ఒక కథ తిరుగుతోంది. "యాభై దాటాక ఆవిడకి పరుగు పిచ్చి పట్టింది, మోకాలు అరగ్గొట్టుకుంది, డాక్టరు వద్దన్నా పంతం పట్టి విజయనగరం వెళ్ళి పది కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా పరుగెత్తింది, గట్టి మనిషి" అని. మా కాలేజీ స్టాఫ్ రూములో, చుట్టాల పెళ్ళి భోజనాల్లో, నా ఎదురుగానే చెబుతారు. మెచ్చుకుంటున్నామనుకుంటారు. ఇందులో నికరంగా నిజమైనది విజయనగరం ఒక్కటే. పిచ్చి పట్టలేదు, మోకాలు అరగలేదు, ఆగకుండా పరుగెత్తనూ లేదు. పంతం ఉంది, కాదనను. కానీ పంతంతో మోకాళ్ళు బాగుపడవు. బాగుపడతాయని చెబితే, నా కథ విని ఇంకో ఆడది నొప్పిని పళ్ళ బిగువున భరించి నిజంగానే కుంటుతుంది. అందుకని అసలు సంగతి నేనే రాస్తున్నాను.

మొదలు నాది కాదు, మా బావది. బావ అంటే మా ఆయన. మాది మేనరికం. ఆయన గుండెకి స్టెంట్ వేశాక డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆయన రేపట్నుంచి అన్నాడు. ఆ రేపు ఎన్నాళ్ళకీ రాకపోయేసరికి, సిగ్గుపడైనా లేస్తాడని నేనే తెల్లారగట్ల బూట్లు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మూడు రోజులు వచ్చాడు. నాలుగో రోజు, "నువ్వెల్లు, నాను పేపరు సదువుతాను, ఎవులో ఒకలు ఎల్తే సాలదేటి" అన్నాడు. నేను వెళ్ళాను. ఆ రోజు నడక విసుగనిపించి, ఒక కరెంటు స్తంభం నుంచి రెండో స్తంభం దాకా పరుగెత్తాను. రెండో స్తంభాన్ని కావిలించుకుని, ఊపిరందక, అటుగా పోతున్న పాల బండి ఆయన కంగారుపడేలా నిలబడ్డాను.

ఆ స్తంభాల లెక్కే ఇప్పటికీ అందరికీ చెబుతాను. ఒకటి పరుగు, రెండు నడక. పది రోజులయ్యాక ఒకటి పరుగు, ఒకటి నడక. ఆ తర్వాత రెండు పరుగు. ఇంతకంటే తొందరేముంది? పోలీసు సెలక్షన్లకా వెళ్తున్నాం? పరుగెత్తుతూ పక్కమనిషితో మాట్లాడగలగాలి. మాట రాకపోతే వేగం ఎక్కువైందని అర్థం. పక్కన ఎవరూ లేకపోతే నాలా మనసులో తిట్టుకోవలసినవాళ్ళని పైకే తిట్టుకోండి. వాక్యం మధ్యలో తెగితే తగ్గించండి. ఖాళీ కడుపుతో పరుగెత్తితే కొవ్వు కరుగుతుందని ఫోన్లో ఎవడో చెబితే విని, సోమవారం ఉపవాసం నాడు వెళ్ళి కళ్ళు తిరిగి కాలేజీ గేటు దగ్గర కూలబడ్డాను. అప్పట్నుంచి సగం గ్లాసు చోడి అంబలి, అదే రాగి జావ, తాగనిదే గడప దాటలేదు. రోడ్డు కూడా వదిలేశాను. పంట రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, మిగిలిన సగం లారీలది. మనకి మిగిలేది పక్కకి వాలిన అంచు. రోజూ ఒకే వైపు వాలు మీద పరుగెత్తితే ఒక కాలు పొడుగూ ఒక కాలు పొట్టీ ఉన్నవాళ్ళలాగ అయిపోతాం. కాలేజీ గ్రౌండు మేలు. అక్కడ కూడా ఒక రోజు కుడివైపు నుంచీ ఒక రోజు ఎడమవైపు నుంచీ చుట్టాలి.

ఇవన్నీ పాటించినా మూడో నెలలో కుడి మోకాలి బయటివైపు సూది గుచ్చినట్టు నొప్పి మొదలైంది. మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మోకాలు వంచాడు, చాపాడు, ఎక్స్‌రే తీయించాడు. ఫిల్మును వెలుతురుకి ఎత్తిపట్టి, "వయసు కదమ్మా, ఇప్పుడు పరుగులెందుకు, నడవండి చాలు" అన్నాడు. "ఎముక అరిగిందాండీ?" అని అడిగాను. "అరగలేదు, కానీ అరుగుతుంది" అన్నాడు. జువాలజీ లెక్చరర్ని, నాకు ఎముకల గురించి జోస్యం చెబితే ఎలా ఉంటుంది? వాదన పెట్టుకుని వచ్చేశాను. కానీ ఆ రోజు ఒక్క విషయం నాకూ తట్టలేదు, ఆయనకీ తట్టలేదు. ఆయన నా బూట్లు చూడలేదు. చూడడానికి అవి లోపల ఉంటే కదా? ఆసుపత్రి గుమ్మం బయట, అందరి చెప్పుల మధ్యన వదిలి వెళ్ళాను. మన దగ్గర ఎవరైనా అంతే.

ఇంటికొచ్చి చెబితే బావ ఎగతాళి చెయ్యలేదు. చేసినా బాగుండేది. మెల్లగా అన్నాడు.

"నా గుండె ఒకటి సాలదేటే ఈ ఇంటికి? నీకు కాలు కూడా పోతే మా అమ్మని ఎవులు సూస్తారు?"

"కాలు పోదు బావా."

"విజయనగరంలో పరుగున్నాది, పేరిచ్చినానని అన్నావు కదా. సరే, ఎల్లు. నొప్పి లేకుండా పూర్తి సేసుకుని వస్తే ఇంక నాను నోరెత్తను. కుంటుకుంటా వస్తే మాత్రం ఆ బూట్లు అటకెక్కిపోవాల."

ఒప్పుకున్నాను. అప్పటికి ఆ పరుగుకి మూడు నెలల పైన ఉంది. ఒప్పుకున్నాక గానీ భయం వెయ్యలేదు. యాభై ఏళ్ళకి నాదంటూ దొరికిన ఒక గంట అది. ఎవరికీ వండక్కర్లేని, ఎవరికీ పాఠం చెప్పక్కర్లేని గంట. అది అటకెక్కుతుంది.

మర్నాడు కాలేజీ గ్రౌండులో పరుగెత్తకుండా గట్టు మీద కూర్చున్నాను. మా ఫిజికల్ డైరెక్టర్ వచ్చింది. గరివిడి నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే అమ్మాయి, నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నది. సంగతి విని, "ఆ బూట్లు ఇలా ఇవ్వండి మేడం" అంది. తిరగేసి చూసింది. కుడి బూటు మడమ బయటి అంచు మాత్రమే అరిగి ఉంది. లోపల చెయ్యి పెట్టి, రెండో వేలు ఉండే చోట గుడ్డకి పడిన చిల్లులోంచి తన వేలు బయటికి పెట్టి ఆడించింది.

"ఇది ఎలకా మేడం?"

"ఎలకేమిటి?"

"సాక్స్ తియ్యండి."

తీశాను. మెట్టెల చుట్టూ దూదీ, ప్లాస్టరూ. పక్క వేళ్ళు ఒరుసుకుపోయి కాయలు కాశాయి. కుడి రెండో వేలు కొక్కెంలా వంగి ఉంది. ఆ పిల్ల నా మొహంకేసి చూసింది.

"మీరు జువాలజీ కదేటి మేడం? కప్పకాలులో అన్ని ఎముకలు సెప్తారు, మీ ఏలు ఇలాగ ఒంగిపోనాది, సూసుకోలేదేటి?"

చూసుకోలేదు. పెళ్ళప్పుడు తొడిగిన మూడు చుట్ల వెండి మెట్టెలు. నెప్పి పెడితే దూది చుట్టాను. దూదితో బూటు బిగుతైతే ఒక సైజు పెద్ద బూట్లు కొన్నాను. పెద్ద బూట్లో పాదం జారుతుంటే వేళ్ళతో బిగబట్టాను. వేలికి తగలకుండా పాదం బయటి అంచు మీద దిగడం నేర్చుకున్నాను. అలా దిగిన ప్రతిసారీ మోకాలి బయటివైపు లాగింది. ఇన్ని ఉపాయాలు పన్నిన దాన్ని, వాటిని తీసేస్తే సరిపోతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. నేను! మంగళవారం తలకి పోసుకోవద్దంటే ఎందుకని అడిగిన దాన్ని, పిల్లలకి దిష్టి తీస్తుంటే నవ్విన దాన్ని. నోటితో ఎన్నడూ ఒప్పుకోనిదాన్ని కాలివేళ్ళతో ఒప్పుకుని కూర్చున్నాను. బావ గుండె అలా ఉన్నప్పుడు అవి తీయడమా అన్న భయం లోపలెక్కడో ఉంది. దానికి దూది చుట్టాను, అంతే.

"నువ్వేం చేస్తావు?" అని అడిగాను.

"నాను గ్రౌండులోకి వచ్చీ ముందు తీసి పర్సులో ఏస్తాను మేడం. మా అత్తకి తెలీదు. మీరు సెప్పకండి."

ఆ సాయంత్రం పెరట్లో కుళాయి దగ్గర సబ్బు రాసి లాగడం మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్ళుగా ఉన్నవి ఊరికే వస్తాయా? వేలు వాచింది. వెనకనుంచి మా అత్త గొంతు వినిపించింది. నాకు అత్తగారూ ఆవిడే, మేనత్తా ఆవిడే. మామ పోయి పన్నెండేళ్ళు. ఆవిడ కాళ్ళకి మెట్టెలు లేక అన్నేళ్ళు.

"ఏటే అది? ఏలు పీకేసుకుంతావా?"

"మెట్టెలు తీస్తున్నాను అత్తా. బూట్లో కాలు పట్టనివ్వడం లేదు."

ఆవిడ చేతిలో చాట కింద పెట్టింది. "నా కొడుకుకి గుండెలో గొట్టం ఏసి యాడాది కాలేదు. నీ నోటికి అడ్డూ అదుపూ లేదు సరే, కాలికి కూడా లేదేటే?"

"గుండెకీ వేలికీ సంబంధం లేదత్తా. పాఠం చెబుతాను, కూర్చో."

"నీ పాటం కాలేజీలో సెప్పుకో!"

లోపల్నుంచి బావ, "అమ్మా, నా గుండె డాట్రు సూసుకుంతాడు గానీ, దాన్ని ఒగ్గీ" అని నన్ను వెనకేసుకొచ్చాడు. ఆవిడ ఆయన్నీ తిట్టింది. చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నేను గ్రౌండుకి వెళ్ళలేదు. గెలవలేని వాదన ఒకటుందని నాకప్పుడు తెలిసింది.

మూడో రోజు పొద్దున్న అంబలి కాస్తున్నాను. అత్త పీట తెచ్చి వేసుకుని నా ముందు కూర్చుంది. చేతిలో దారపు ఉండ, చిన్న గిన్నెలో నూనె.

"కాలు ఇలా సాపు."

దారం కొసని మెట్టె కిందనుంచి దూర్చి, పైన వేలి చుట్టూ బిగించి, వరసగా చుట్టింది. ఆ కొస పట్టుకుని మెల్లగా విప్పుతూ వస్తే, దారంతో పాటే మెట్టె ఒక్కో చుట్టు పైకి జరిగింది. "ఎడమది ముందు తియ్యాల. కుడిది మొండికేస్తాది. తొడిగీటప్పుడు మరి నూని రాయి" అంది, తనలో తను చెప్పుకున్నట్టు. రెండూ వచ్చాక కొంగున ముడివేసుకుంది. భర్త పోయిన మనిషి ముత్తైదువ మెట్టెలు ముట్టుకోకూడదని నాకు చిన్నప్పుడు చెప్పింది కూడా ఆవిడే.

"అత్తా, నువ్వు ముట్టుకోవచ్చా?"

"నోర్ముయ్యి. నా దగ్గరుంటే ఆడికి నానున్నాను. నువ్వు బేగి ఎల్లి బేగి రా."

తర్వాత కంసాలికిచ్చి వాటిని కోయించి, నొక్కితే బిగిసేలా, విప్పితే వచ్చేలా చేయించింది కూడా ఆవిడే. పొద్దున్నే తీసి ఆవిడ చేతిలో పెట్టడం, వచ్చాక ఆవిడ చేతిలోంచి తీసుకుని తొడుక్కోవడం మా ఇంట్లో అలవాటైపోయింది.

మెట్టెలు తీయగానే మోకాలు బాగుపడిందనుకోకండి, అది ఇంకో కథ పుట్టడానికి దారి. మూడు వారాలు పరుగు మానేశాను. గట్టు మెట్టు మీద ఒంటికాలితో ఎక్కడం, దిగడం, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, పక్కకి పడుకుని కాలు ఎత్తడం, అన్నీ ఆ గరివిడి పిల్ల దగ్గరుండి చేయించింది. బూట్లు సాయంత్రం పూట కొన్నాను, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి. బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ కదలకూడదు. తర్వాత మళ్ళీ ఒకటి పరుగు, రెండు నడక. సిగ్గుపడలేదు. ప్రతివారం కొద్దిగానే పెంచాను. నాలుగో వారం తగ్గించాను. నొప్పి వచ్చిన రోజు ఆగాను. ఆగడం నాకు అన్నిటికంటే కష్టమైన వ్యాయామం.

విజయనగరంలో ఆ ఆదివారం మొదటి కిలోమీటరులో అందరూ నన్ను దాటిపోయారు. ఆఖరివాళ్ళలో నేనూ, సెల్ఫీలు తీసుకుంటూ పోతున్న నలుగురు కాలేజీ పిల్లలూ. "పిన్నీ, వచ్చేయండి" అని పిలిచారు. "మీరు పదండర్రా, ఏడో కిలోమీటరు దగ్గర కలుద్దాం" అన్నాను. కోట వీధిలో ఆటోవాడు హారన్ కొట్టి మరీ చప్పట్లు కొట్టాడు. నీళ్ళిచ్చేచోట రెండుసార్లు ఆగి, నడుస్తూ తాగాను. నడిస్తే పరుగు చెడిపోదు, పొలమారితే చెడుతుంది. ఏడో కిలోమీటరు దగ్గర ఆ పిల్లలు నిజంగానే అరుగు మీద కూర్చుని ఉన్నారు. అక్కడే మోకాలి బయటివైపు చిన్నగా చురుక్కుమంది. ఒక్క క్షణం అటక కనబడింది. పంతం పట్టలేదు. ముప్ఫై అడుగులు నడిచాను, అడుగు చిన్నది చేసుకున్నాను, పాదం నడుము కిందే దిగేలా చూసుకున్నాను. చురుకు పెరగలేదు. కాసేపటికి పోయింది. మిగిలిన మూడూ నా స్తంభాల లెక్కతోనే పూర్తిచేశాను.

ఇంటికి వచ్చేసరికి బావ వీధిలో నిలబడి ఉన్నాడు. నా నడకని గేటు దగ్గర్నుంచి గుమ్మం దాకా పోలీసులా చూశాడు. మర్నాడు తెల్లారగట్ల బూట్లు కట్టుకుంటున్నాను. ఆయన తన చెప్పులు వెతుక్కుంటూ, "నాను నడుస్తాను. నువ్వు గ్రౌండు సుట్టూ తిరుగుతా ఉండు. మాటాడించకు" అన్నాడు.

అత్త చెయ్యి చాపింది. మెట్టెలు తీసి అందులో పెడుతూ, ఇవి తీసే కిటుకు నీకెలా తెలుసని మళ్ళీ అడిగాను. ఇప్పటికి ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ప్రతిసారీ ఆవిడ "టైమవుతున్నాది, ఎల్లు" అంటుంది. మామ పోయిన పదోరోజున ఆవిడ మెట్టెలు దారంతో తీయలేదు. పెద్దవాళ్ళు నలుగురు పట్టుకుని లాగేశారు, నేను పక్కనే ఉన్నాను. మరి ఎడమది ముందు తియ్యాలనీ, కుడిది మొండికేస్తుందనీ, తిరిగి తొడిగేటప్పుడు నూనె రాయాలనీ ఆవిడకెలా తెలుసు? మామ బతికుండగా, ఎవరూ చూడకుండా, ఆ మెట్టెలు తీసి ఆవిడ ఎక్కడికి వెళ్ళి వచ్చేది?