నడుమ ఊళ్లో పెద్దత్త

ఆ రోజుల్లో విమానాల గురించి నాకు తెలిసినంత సూర్యాపేటలో ఇంకెవరికీ తెలియదని మా ఇంట్లో గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకానికి ఉన్న ఆధారమల్లా నేను బస్టాండుకు ఎదురుగా ఒక ట్రావెల్స్ ఆఫీసులో కూర్చోవడమే. డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకు చదువుతున్నానని అందరికీ చెబుతూ నిజానికి ఏమీ చదవకుండా ఉన్న కాలంలో దొరికిన మొదటి ఉద్యోగం అది. రోజంతా తిరుపతికి, షిరిడీకి, బెంగళూరుకు స్లీపర్ బస్సుల టికెట్లు కొట్టడమే పని. ఎప్పుడో ఒకసారి ఎవరైనా దుబాయికి టికెట్ అడిగితే మా సార్ చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చునేవాడు. నేనైతే విమానాన్ని ఎప్పుడూ కింది నుంచి చూసినదాన్నే, అదీ డాబా మీద వడియాలు ఎండబెట్టేటప్పుడు. అయినా చుట్టాల్లో నా పేరు 'ఫ్లైట్ల పిల్ల' అయిపోయింది. అలా పిలిస్తే పలికేదాన్ని కూడా. ఆ వయసులో మనకు తెలియనిది మనకు తెలుసని నలుగురూ అంటుంటే కాదనడం చాలా కష్టం (ఇప్పటికీ కష్టమే, కాకపోతే ఇప్పుడు ఎవరూ అనడం లేదు).

మా నాన్నకు ఒక అక్క, ఒక చెల్లెలు. పెద్దత్త మిర్యాలగూడలో రైస్‌మిల్లులకు పోయే దారిలో చిన్న టిఫిన్ హోటల్ నడిపేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. వాళ్ల అమ్మ తొందరగా కాలం చేస్తే చిన్నత్తను ఎత్తుకుని పెంచింది పెద్దత్తే, కాబట్టి ఆమెకు చెల్లెలన్నా కూతురన్నా చిన్నత్త ఒక్కతే. ఆ చిన్నత్త పెళ్లయ్యాక చిన్నమామతో అమెరికా పోయింది, అక్కడే జబ్బు పడింది. ఏడాది కింద పెద్దత్తకు వీసా కూడా తీసుకున్నారు గానీ, "ఇప్పుడు మంచిగనే ఉన్న, సలికాలం పోయినంక రా అక్కా" అని చిన్నత్తే ఆపింది. ఆ చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది. ఒకరోజు పొద్దున చిన్నమామ నాన్నకు ఫోన్ చేసి, "బావా, వదినెను జర జల్ది పంపుండ్రి. మనుషులను ఇంక గుర్తుపడుతున్నది" అన్నాడు. ఆ 'ఇంక' అన్న మాట దగ్గర నాన్న ఫోన్ నా చేతికిచ్చి వాకిట్లోకి పోయాడు.

ఆ సాయంత్రమే మిర్యాలగూడలో పెద్దత్త హోటల్ బల్ల మీద నా లాప్‌టాప్ పెట్టి టికెట్లు వెతకడం మొదలుపెట్టాను. ఎంత దుఃఖంలో ఉన్నా మా నాన్న ప్రతి విమానాన్నీ ఎర్రబస్సు లాగానే చూశాడు. "ఏడ ఆగుతది? ఎంతసేపు ఆగుతది? గాడ తిననీకి మంచిగ దొరుకుతదా, లేకపోతె హైవే మీద దాబాల లెక్క డ్రైవర్‌కు ఏడిది పెట్టి మనకు సల్లది పెడతరా?" అని అడిగాడు. పెద్దత్త ఒక్కటే కోరింది. "టైరు మీది సీటు ఇయ్యకు బిడ్డా, నడుము పడిపోతది" అంది. విమానంలో టైరు మీది సీటు ఏ వరుసలో వస్తుందో నాకూ తెలియదు గనుక, "అట్ల రాకుండ చూస్త అత్తా" అని మాటిచ్చాను.

చివరికి రెండు దారులు మిగిలాయి. ఒకటి గల్ఫ్ మీదుగా పోయేది. రెండు రోజుల ముందే బయలుదేరుతుంది, మధ్యలో కొద్దిసేపే ఆగుతుంది, రేటు మాత్రం చూసి పెద్దత్త లాప్‌టాప్ మూయమంది. నేనిస్తానని నాన్న అంటే, "నువ్వు ఇచ్చేది సూసిన తియ్" అని కొట్టిపారేసింది. రెండోది ఐరోపాలో ఏదో ఊళ్లో దిగి, అక్కడ పగలంతా కూర్చుని, సాయంత్రం ఇంకో విమానంలో సముద్రం దాటేది. చాలా చౌక. ఆ ఊరి పేరు నేను ఒక రకంగా పలికితే, ఫోన్లో మా సార్ ఇంకో రకంగా పలికాడు. రెండూ కాదని తర్వాత తెలిసింది. ఇంట్లో అందరూ దాన్ని 'నడుమ ఊరు' అనేసి ఊరుకున్నారు.

అయితే అసలు సంగతి రేటు కాదు, తోడు. మా వైపు పెద్దవాళ్లు మొదటిసారి విమానం ఎక్కుతున్నారంటే ఏ కంపెనీ, ఎంత టైము అని ఎవరూ చూడరు, తోడు ఎవరున్నారని చూస్తారు. తోడు దొరికినదే మంచి ఫ్లైటు. వాట్సాప్ గ్రూపుల్లో, చర్చిల్లో, కల్యాణ మండపాల్లో, మిల్లుల గుమాస్తాల ద్వారా కబురు పోతుంది. ఫలానా రోజు మా అత్త పోతున్నది, ఎవరన్నా ఉన్నరా అని. పెద్దత్తకు ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు కాబట్టి నడుమ ఊళ్లో చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి లేకుండా నాన్న టికెట్ కొట్టనివ్వడు. రెండు రోజులు తిరిగిన కబురు కోదాడలో ఆగింది. అక్కడ ఒక రిటైరైన టీచరమ్మ, తమ్ముడి ఇంటికి పోవడానికి అదే చౌక విమానానికి టికెట్ తీసుకుని ఉంది. టీచరు అనగానే మా ఇంట్లో సగం దిగులు తీరిపోయింది. ఏం చెప్పే టీచరో ఎవరూ అడగలేదు.

మర్యాదగా ఒకసారి కనబడి వద్దామని నాన్నా నేనూ కోదాడ పోయాం. టీచరమ్మ భర్త కూడా రిటైరైన మాస్టారే. ఆయన మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి కాఫీలు తెప్పించి, "మీవాళ్లు వస్తున్నారంటే మాకు కొండంత ధైర్యమండీ. హోటల్ నడిపే మనిషంటే లోకం చూసినావిడ. అక్కగారు దేశమంతా తిరిగారటగా" అన్నాడు. నాన్న రెండు చేతులూ జోడించి, "అట్లనకుండ్రి సార్, మేడం ఉన్నరనే మేం ధైర్యం చేసినం" అన్నాడు. ఇలాంటి మాటలు మా వైపు కాఫీ చల్లారేదాకా నడుస్తాయి, వాటి బరువు ఎవరూ తూచరు. ఇంతకుముందు మీరు విమానం ఎక్కారా అని అడగడం, వాళ్లింట్లో కూర్చుని వాళ్ల కాఫీ తాగుతూ, ఏం బాగుంటుంది? టీచరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "ప్రభువు దయవల్ల అంతా సాఫీగా జరుగుతుందండీ" అంది. ఎంత నెమ్మదిగా అందంటే, ఇలాంటి ప్రయాణాలు ఈమెకు మామూలే కాబోలు అనుకుని వచ్చేశాం. ఆ రాత్రే టికెట్ కొట్టేశాను.

రాత్రి విమానానికి మధ్యాహ్నం రెండింటికల్లా శంషాబాద్ చేరుకున్నాం (మా వాళ్లు బస్సు కన్నా ముందే బస్టాండులో ఉంటారు, విమానానికి ఇంకా గౌరవం ఎక్కువ). కోదాడ వాళ్లు మాకన్నా ముందే వచ్చి నీడ చూసుకుని కూర్చున్నారు. పెద్దత్త పెట్టెలో బట్టల కన్నా నల్లకారం డబ్బాలే ఎక్కువ. మందులతో చెల్లెలి నోరు చప్పబడిందని ఎవరో చెప్పారట. సాయంత్రం దాకా అందరం పులిహోర తిని, లోపలికి పోయే వేళకు అద్దాల తలుపు దగ్గరికి చేరాం. బండ్ల మీద పెట్టెలు, చేతుల్లో పాస్‌పోర్టులు, ఇద్దరూ కదలడం లేదు.

"పదండి వదినగారూ, మీ వెనకాలే వస్తాను" అంది టీచరమ్మ.

"మీరు నడువుండ్రి వదినా, నేను మీ ఎన్కనె వస్త. మీకైతే అన్ని తెల్సు గద" అంది పెద్దత్త.

"నాకేం తెలుసండీ, నేనూ ఇదే మొదటిసారి."

నాన్న గొంతు సవరించుకుని, "సార్, మేడం చెప్పింది ఇంగ్లీషే గద?" అని అడిగాడు. "అబ్బే, తెలుగండీ. సర్వీసంతా తెలుగే చెప్పింది" అన్నాడు మాస్టారు. తర్వాత ఆయనకూ అనుమానం వచ్చింది. "మరి మీ అక్కగారు దేశమంతా తిరిగారన్నారు?" అన్నాడు. "తిరిగింది సార్" అన్నాడు నాన్న, "తిరుపతి, కాశి." ఇక అందరూ కలిసి నా వైపు చూశారు. ఫ్లైట్ల పిల్లను నేనే కదా. తెర మీద నంబరు చూసుకోండి, గేటు మారితే మళ్లీ చూసుకోండి, ఎవరినైనా అడగండి అని నేను ఒక్కసారీ చూడని చోటుకు దారి చెబుతుంటే, తలుపు దగ్గరి జవాను పక్కకు జరగమన్నాడు. ఇద్దరూ ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నంత దగ్గరగా లోపలికి పోయారు. నాన్న అద్దంలోంచి చాలాసేపు చూశాడు. "పోనీ తియ్, ఇద్దరున్నరు గద" అన్నాడు చివరికి.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా విప్పుతుండగా చిన్నమామ ఫోన్ చేశాడు. నాన్న ఫోన్ ఎత్తడం లేదట. "పోయింది బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత, "వదినె ఏడిదాక వచ్చింది?" అని అడిగాడు. నడుమ ఊళ్లో ఉంది మామా అని చెప్పాను. వాళ్లిద్దరి ఫోన్లూ అక్కడ పనిచేయవు, చెప్పడానికి ఇంకో దారి లేదు. ఉన్నా ఎవరు చెప్పగలరు? మా సార్ ఇంటికి పొమ్మన్నాడు గానీ పోకుండా కంప్యూటర్ ముందే కూర్చున్నాను. వద్దనుకున్న ఆ గల్ఫ్ విమానం కిందటి రోజే దిగిపోయిందని అందులో కనబడింది. అందులో పోయి ఉంటే పెద్దత్త రాత్రంతా చెల్లెలి మంచం పక్కన ఉండేది. ఇంటికి పోయేసరికి కబురు నాన్నకూ చేరింది, గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరితో ఒకటే మాట అంటున్నాడు, "మా అక్కకు తెల్వదు" అని. చెల్లెలు పోయిందని ఏడ్చాడో, అక్కకు తెలియదని ఏడ్చాడో నాకు అర్థం కాలేదు. ఆ రోజు సూర్యాపేటలో, మిర్యాలగూడలో మా వాళ్లంతా ఏడుస్తుంటే, అందరికన్నా ఎక్కువ ఏడవాల్సిన మనిషి ఒక్కతే ఏమీ తెలియకుండా ఎక్కడో కుర్చీలో కూర్చుని ఉంది.

పెద్దత్త రెండు నెలలకు తిరిగొచ్చింది. వచ్చిన వారానికే పెనం ఎక్కించింది. నేను మిర్యాలగూడ పోయి ఒక మూల బల్ల దగ్గర తల దించుకుని కూర్చుంటే, దోశ పోస్తూ తనే మొదలుపెట్టింది. నడుమ ఊళ్లో దిగాక వాళ్లిద్దరూ తమ విమానంలోంచే దిగిన ఒక పచ్చ అంగీ ఆయన్ను గుర్తు పెట్టుకుని, ఆయన ఎటు పోతే అటు పోయారట. ఆయన మగవాళ్ల బాత్రూంలోకి పోతే బయట చెరో పక్కన నిలబడ్డారట. బయటికి వచ్చి వీళ్లను చూసి ఆయన అదిరిపోయాడట. పంజాబాయన, పాపం మంచివాడు, టికెట్లు చూసి సరైన గేటు ముందు కూర్చోబెట్టి, కదలొద్దని సైగ చేసి పోయాడు. ఇక సాయంత్రం దాకా కదల్లేదు. ఒకరు లేస్తే ఇంకొకరు ఆ కుర్చీలో సంచి పెట్టి కాపలా కాశారు.

"పొద్దంత ఏం చేసిన్రు అత్తా?" అన్నాను.

"ఏం చేస్తం, ముచ్చట్లు. ఆమె అడిగింది, నేను చెప్పిన. మన చిన్నది బడికి పొమ్మంటె గీ బల్ల కిందనె దాక్కుని హమాలోళ్ల కాళ్లకు గిలిగింతలు పెట్టేది, వాళ్లు ఎగిరి పడుతుంటె సాంబారు ఒలికేది. గవన్ని చెప్పిన. టీచరమ్మ నవ్వీ నవ్వీ దగ్గొచ్చి నీళ్లు తాగింది. నేను గట్ల నవ్వక ఎన్నేండ్లాయెనో." దోశ తిప్పింది. "పోంగనె ముందుగాల తిట్టాలె అనుకున్న, గింత దూరం వచ్చి ఎందుకు పడ్డవని. ఏమేం తిట్టాలెనో కూడా ఆమెతోని చెప్పుకున్న."

నాకు ఆగలేదు. "అత్తా, ఆ ఇంకో ఫ్లైటుకు కొడితే అందుకునేదానివి" అన్నాను.

"అందుకుందును. పోయేది కండ్లార సూద్దును." దోశ అంచులు అట్లకాడతో లేపింది. "మీ అందరికి అది మధ్యాహ్నమే పోయింది పిల్లా. నాకు రాత్రి గాడ దిగేదాక బతికే ఉండె. గా పూటంత నేను దానితోనె ఉన్న." తర్వాత దోశ నా పళ్లెంలో వేసి, చట్నీ గిన్నె నా వైపు జరిపి, డబ్బులివ్వడానికి నిలబడ్డ హమాలీ దగ్గరికి పోయింది.

నేను ఆ ఉద్యోగం ఎప్పుడో మానేశాను. ఇప్పుడు ఎవరికీ టికెట్లు కొట్టే అవసరం లేదు, ఎవరి ఫోన్లో వాళ్లే కొట్టుకుంటున్నారు. పోయిన ఏడాది ఇప్పటి ఆఫీసు పని మీద నేనూ మొదటిసారి విమానం ఎక్కాను, మధ్యలో ఒక ఊళ్లో నాలుగైదు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. అద్దాల అవతల విమానాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదాన్నైనా దగ్గర్నుంచి చూడకుండా వాటి గురించి అంత ధీమాగా మాట్లాడిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో ఫోన్ ఆపేసి సంచిలో పెట్టాను. ఇంట్లో అందరూ క్షేమంగానే ఉన్నారు, ఎవరికీ ఏ జబ్బూ లేదు. అయినా విమానం పిలిచేదాకా దాన్ని బయటికి తీయలేదు.