గురి కుదిర్చే అంకుల్

బెడోక్‌లో మా పై ఫ్లాట్ అంకుల్ ఆదివారాలు నన్ను క్లబ్ షూటింగ్ రేంజికి తీసుకెళ్లేవారు. చిన్న రైఫిల్‌కి గురి చూసే స్కోపు బిగించి, కాగితం మీద మూడు గుళ్లు పేల్చి, గురి కుదిరేలా స్కోపు మర కాస్త తిప్పి, మళ్లీ మూడు పేల్చేవారు. "తొందరేం లేదమ్మా," అనేవారు.

ఆస్ట్రేలియాలో స్నేహితుడి పొలాన్ని కుందేళ్లు మేసేస్తున్నాయంటే ఒకసారి వాటిని కాల్చడానికి వెళ్లారు. అక్కడి రైఫిల్‌కీ ఇలాగే ఓపిగ్గా గురి కుదిర్చారట.

తిరిగొచ్చాక అడిగాను, "ఎన్ని కొట్టారంకుల్?"

"స్కోపులో ఓ కుందేలు మీసాల మీద మంచు బొట్లు కూడా కనిపించాయమ్మా. ముఖం కడుక్కుంటోంది. అయ్యేదాకా ఆగాను."

"తర్వాత?"

"కడుక్కుని వెళ్లిపోయింది."

స్నేహితుడికి కోపమొచ్చి మళ్లీ పిలవలేదు. అంకుల్ మాత్రం ఆ పొద్దుటి సంగతి చెప్పినప్పుడల్లా గొంతు తగ్గించేవారు, కుందేలు ఇంకా ఎదురుగానే ఉన్నట్టు.