అమ్మ మొక్కు

మొన్న ఎక్కడో కర్పూరం వాసన తగిలి, భిలాయిలో మా సెక్టార్ క్వార్టర్ గుర్తొచ్చింది.

తొంభైల్లో ఒక మధ్యాహ్నం. నాన్న స్టీల్ ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు. చెల్లి ఒళ్లు కాలిపోతోంది. విజయనగరం నుంచి ఆ ఏడాదే మమ్మల్ని తీసుకుని వచ్చిన అమ్మ కర్పూరం వెలిగించి, దేవుడి పటం ముందు కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. చెల్లిని దేవుడికే వదిలేసిందేమోనని నాకు అనుమానం.

"ఆసుపత్రికి ఎళ్దామే అమ్మా!"

"ఉండ్రా" అని మళ్లీ కళ్లు మూసుకుంది. దేవుడి మీద కూడా నాకు నమ్మకం పోయింది.

కాసేపటికి లేచి, చెల్లిని భుజాన వేసుకుని, వీధిలో రిక్షా ఆపింది. "భయ్యా, బచ్చీకో బుఖార్ హై. అస్పతాల్ చలో." అమ్మ నోట హిందీ వినడం అదే మొదలు.

చెల్లికి తగ్గిపోయింది. పెద్దయ్యాక అడిగాను, "ఆ రోజు ఏటి మొక్కుకున్నావమ్మా?"

"మొక్కేటి? రిక్షావోడికి సెప్పాల్సిన ఇందీ ముక్కలు వల్లె వేసుకున్నాను."

"మరి దేవుడి ముందెందుకు?"

"తప్పొచ్చినా ఆయన నవ్వడు కదరా."